సమోవాలో ఆడవాళ్లకీ ఫాఫఫీనేలకీ నిజంగా అంత గౌరవం ఉందా?

మీరు అడిగింది ఇది: సోషియాలజీ ఎంఏ సెమినార్ పేపర్‌లో (1) సమోవా అనే పసిఫిక్ దీవుల దేశపు సంప్రదాయంలో ఆడవాళ్లకి మగవాళ్లతో సమానమైన గౌరవం ఉంది, (2) మూడో జెండర్‌కి అక్కడ ఎప్పటినుంచో చోటుంది, (3) ఇంట్లో ఆడపిల్లలు లేకపోతే ఒక మగపిల్లాడిని ఆడపిల్లలా పెంచుతారు అని రాయొచ్చా? ఫాఫఫీనే (మగబిడ్డగా పుట్టి ఆడవాళ్ల తీరులో బతికే మనిషి) అన్న మాటని తెలుగులో ఏమనాలి?

మొదటి రెండూ సగం నిజం. మూడోది దయచేసి రాయకండి. మాట సంగతి చివర్లో చెప్తాను.

నేను నర్సుని. మా ఆయన ఉద్యోగం వల్ల సమోవా రాజధాని ఆపియాలో మూడేళ్లున్నాం. తర్వాత పదకొండేళ్లుగా న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ దక్షిణం వైపు పేటల్లో ఇళ్లకి వెళ్లి రోగుల్ని చూసే పని. నేను వెళ్లే ఇళ్లలో చాలావరకు సమోవా వాళ్లవే. పుస్తకాలూ కొన్ని చదివాను గానీ, నాకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం ఆ ఇళ్లలో చాప మీద కూర్చుని, వాళ్లు పెట్టింది తింటూ తెలుసుకున్నదే.

అసలు జవాబు: సమోవాలో ఆడమనిషికి గౌరవం ఉందా లేదా అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఎవరికి అక్కచెల్లెలు, ఎవరికి భార్య అని అడగాలి. అక్కచెల్లెలిగా ఆమెది చాలా పెద్ద పీట. భార్యగా వెళ్లిన ఇంట్లో చివరి పీట. ఇద్దరూ ఒకే మనిషి.

మనకిది కొత్తగా అనిపించకూడదు. ఆడపడుచు, కోడలు. పుట్టింట్లో గొంతెత్తి మాట్లాడే మనిషే అత్తింట్లో గడప దాటి మాట్లాడదు. కానీ మన దగ్గర ఆడపడుచు హోదా పెళ్లిలో లాంఛనాల దగ్గర, చీర పెట్టడం దగ్గర ఆగిపోతుంది. అక్కడ అది ఊరి పరిపాలన దాకా వెళ్తుంది.

చుట్టరికం మాటల నుంచి మొదలుపెడతాను. తోబుట్టువుని పిలిచేటప్పుడు మనం ముందు వయసు చూస్తాం. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. సమోవా భాష ముందు చూసేది వయసు కాదు, ఇద్దరూ ఆడో మగో ఒకే రకమా, వేరు వేరా అని. అన్నదమ్ములు ఒకరికొకరు ‘ఉసో’. అక్కచెల్లెళ్లు కూడా ఒకరికొకరు ‘ఉసో’. మగవాడికి అక్కైనా చెల్లైనా ‘తుఅఫఫీనే’, ఆడమనిషికి అన్నైనా తమ్ముడైనా ‘తుఅంగానే’. (వాళ్ల రాతలో ఇంగ్లిష్ జీ అక్షరం ఉంటే ‘ంగ’ అని పలకాలి. పక్కనే అమెరికా కింద ఉన్న దీవులు అమెరికన్ సమోవా; దాని ముఖ్యపట్టణాన్ని పాగో పాగో అని చదివేస్తాం గానీ, అది పాంగో పాంగో.)

ఈ తుఅఫఫీనేకీ తుఅంగానేకీ మధ్య ఉన్న ఒప్పందం పేరు ‘ఫెఅంగైంగా’. నా లెక్కలో సమోవా జెండర్ గురించి ఒక్క మాట నేర్చుకోవాలంటే అది ఫాఫఫీనే కాదు, ఇదే. అన్నదమ్ముడు బతికినంత కాలం అక్కచెల్లెల్ని కాపాడాలి, ఆమెకి సేవ చెయ్యాలి, ఆమె మాటకి విలువివ్వాలి. అక్కచెల్లెలు అతని కంటిలోపలి భాగంలాంటిది అని వాళ్లకో సామెత. మనం కంటిపాప అన్నట్టే. ఆమెకి కోపం వచ్చి శాపం పెడితే అతని వంశం నిలవదని పాతకాలంలో గట్టిగా భయపడేవాళ్లు.

ఈ గౌరవానికి ఇంకో వైపు దూరం. ఇద్దరి మధ్య శరీరానికి సంబంధించిన మాట రాకూడదు. పచ్చి హాస్యం అసలే కుదరదు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఆపియా వెళ్లిన రెండో నెలలో ఒక క్లినిక్‌లో సాయంగా ఉండేదాన్ని. షుగరున్న ఒకాయన వచ్చాడు, నలభై దాటాయి. మూత్రం సంగతి, భార్యతో సంబంధం సంగతి అడగాలి. ఆయనకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. పక్కనే వాళ్లక్క, టీచరు, ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతోంది. ఇంకేం, మీరే అడిగి చెప్పండమ్మా అన్నాను. ఆవిడ మొహం బిగుసుకుపోయింది. ఆయన గోడవైపు తిరిగిపోయాడు. చివరికి ఆవిడ లేచి బయటికెళ్లి తోటలో నిలబడింది. అక్కడి నర్సు నన్ను పక్కకి లాగి చెప్పేదాకా నాకు సంగతి తెలియలేదు. ఇప్పటికీ ఏ ఇంటికెళ్లినా, అలాంటి ప్రశ్నలు అడిగే ముందు గదిలో ఎవరికి ఎవరేమవుతారో కనుక్కుంటాను.

ఇంకొకటి, మన తెలుగువాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది. అక్కడ పెదనాన్న పిల్లలూ మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ అందరూ తోబుట్టువులే. అందరితోనూ ఫెఅంగైంగా ఉంటుంది. నేను ఒకసారి డ్యూటీ రూమ్‌లో మా అమ్మానాన్నలది మేనరికమని మామూలుగా చెప్పేశాను. ఒకావిడ తింటున్న స్పూను కింద పెట్టి, “అంటే మీ నాన్న తన చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడా?” అంది. మనకి బావ వరస అంటే సరసం. వాళ్లకి అదే మనిషి ఎదుట తలవంచుకునే వరస. మీ పేపర్‌లో పోలిక కావాలంటే దీన్ని మించింది దొరకదు.

ఇప్పుడు ఊరు. సమోవా గ్రామాన్ని నడిపేది ‘మతాయ్’లు, అంటే బిరుదున్న కుటుంబ పెద్దలు. బిరుదు తండ్రి నుంచి కొడుక్కి దానంతటదే రాదు. విస్తార కుటుంబం మొత్తం కూర్చుని ఎంచుతుంది. అక్కడ రెండు పక్షాలుంటాయి: అన్నదమ్ముల వైపు సంతానం ‘తమా తానే’, అక్కచెల్లెళ్ల వైపు సంతానం ‘తమా ఫఫీనే’. సాధారణంగా బిరుదు తీసుకునేది మొదటి పక్షం, అభ్యంతరం చెప్పే హక్కు రెండో పక్షానిది. అక్క కొడుకుని ‘తమా సా’ అంటారు, పవిత్రమైన బిడ్డ అని. (మా ఆయన దాన్ని తమాషా అని పలికి నవ్వించేవాడు.)

ఊళ్లో గుంపులు కూడా ఇదే లెక్కలో ఉంటాయి. బిరుదున్న పెద్దల సభ ‘ఫోనో’. బిరుదులేని మగవాళ్లు ‘ఔమంగా’. ఊరి ఆడపడుచులు, అంటే ఆ ఊళ్లో పుట్టిన ఆడవాళ్లు, పెళ్లికానివాళ్లు, భర్తపోయి తిరిగొచ్చినవాళ్లు, అందరూ కలిపి ‘ఔఅలుమా’. బయటి ఊళ్ల నుంచి వచ్చిన భార్యలది వేరే గుంపు. వాళ్లు ఔఅలుమాలో కూర్చోరు. ఆడవాళ్లందరూ ఒక వర్గం అన్న ఆలోచనే ఆ పాత ఏర్పాటులో లేదు. మర్యాదగా ఊరి ఆడబిడ్డని ‘తమాఇతాయి’ అంటారు. ‘ఫఫీనే’ అంటే మామూలు అర్థంలో స్త్రీ. రెండూ ఒక బరువు మాటలు కావు.

ఔఅలుమాకి ముందుండేది ‘తౌపౌ’, పెద్ద ఆలీ (ఉన్నత వంశపు నాయకుడు) ఎంచిన కూతురు. అతిథులొస్తే ఆవా పానీయం కలిపేది, తలమీద పెద్ద తురాయి కిరీటం పెట్టుకుని ఆఖరి నాట్యం చేసేది ఆమే. ఆమె కన్యత్వం ఊరి పరువు. పూర్వం పెళ్లినాడు దాన్ని జనం ముందే నిరూపించేవాళ్లు. ఇదీ గౌరవమే అంటారా? నాకు మాత్రం చదివిన రోజు నిద్ర పట్టలేదు. సంప్రదాయంలో స్త్రీకి గౌరవం అని రాసే ముందు ఆ గౌరవానికి ఎవరు ఏం చెల్లించారో కూడా రాయండి.

ఆడవాళ్ల సంపద గురించి తప్పక రాయండి. ‘ఇయె తోంగా’ అనే మేలు చాపలు. చాప అంటే మన తుంగచాప అనుకోకండి. మొగలి జాతి ఆకుని సన్నగా చీల్చి అల్లితే పట్టుబట్టలా వేలాడుతుంది. మంచిది అల్లడానికి నెలలు పడుతుంది, ఇంకా మేలైనవాటికి ఏళ్లు. కింద పరుచుకోరు. పెళ్లికి, చావుకి, బిరుదు ఇచ్చేటప్పుడు చేతులు మారతాయి. కొన్ని చాపలకి పేర్లు, చరిత్రలు ఉంటాయి. 2019లో యునెస్కో వాళ్ల సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. ఇది ఆడవాళ్లు తయారుచేసే సంపద. మగవాళ్ల సంపద ‘ఓలోవా’: తిండి, పనిముట్లు, పడవలు, తర్వాత డబ్బు. ఒకరి సంపద లేకుండా రెండోవాళ్లకి మర్యాద నిలవదు.

ఆ చాపకి ఎంత బలముందో నేను ఆక్లండ్‌లో చూశాను. ఒకరి వల్ల ఘోరమైన తప్పు జరిగితే, ఆ కుటుంబ పెద్ద బాధితుల ఇంటి ముందు కూర్చుని తలమీద ఇయె తోంగా కప్పుకుంటాడు. దీన్ని ‘ఇఫోంగా’ అంటారు. ఆ ఇంటివాళ్లు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. 1970ల్లో తెల్లవారుజామున పసిఫిక్ కుటుంబాల ఇళ్లమీద పోలీసులు చేసిన దాడులకి 2021 ఆగస్టు 1న న్యూజిలాండ్ ప్రభుత్వం క్షమాపణ చెప్పినప్పుడు, ప్రధాని జసిండా ఆర్డర్న్ అలాగే చాపకింద కూర్చున్నారు. మా పేషంట్ ఒక ముసలావిడ టీవీలో అది చూసి ఒక్కటే అడిగింది: “ఆ చాప ఎవరు అల్లారో?”

మగవాళ్ల సంగతి చాలామంది వదిలేస్తారు. జెండర్ అంటే ఆడవాళ్లే అన్నట్టు. సమోవాలో యువకుడి జీవితం మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: ‘తౌతువా’, సేవ. అధికారానికి దారి సేవే అని వాళ్ల సామెత. బిరుదొచ్చేదాకా పెద్దలకి వండాలి, వడ్డించాలి, వాళ్లు తిన్నాక తినాలి.

అవును, వండాలి. అక్కడ పెద్ద వంట మగపిల్లల పని. ఆదివారం తెల్లవారకముందే లేచి రాళ్లు కాల్చి ‘ఉము’ వెలిగిస్తారు. చామదుంపలు (అక్కడ తలో), పనసని పోలిన సీమపనస, చేపలు, కొబ్బరిపాలు పోసి చుట్టిన చామ ఆకులు, అన్నీ ఆ రాళ్ల మీద పెట్టి ఆకులతో కప్పేస్తారు. కొబ్బరి కోరేది, పాలు పిండేది కూడా కుర్రాళ్లే. పొగలో కళ్లు ఎర్రబడి, చెమటతో తడిసి చర్చికి ఆలస్యంగా వచ్చే కుర్రాణ్ణి చూసి పెద్దవాళ్లు మెచ్చుకుంటారు. మా ఆయన మొదటి ఆదివారం అక్కడ కూర్చుని చూశాడు. రెండో ఆదివారం కొబ్బరి కోరుడుపీట ఆయన ముందు పెట్టేశారు. కొబ్బరికన్నా వేళ్లు ఎక్కువ కోసుకున్నాడు.

వంట తక్కువ పని, ఆడపని అన్న మన లెక్క అక్కడ పనిచేయదు. బరువు, పొగ, ఎండ ఉన్న పనులు మగవాళ్లవి. ఇంటి దగ్గర కూర్చుని చేసే సన్నని పని, అల్లిక, బట్ట, ఆడవాళ్లవి. తెప్పమీద లోతుకి వెళ్లి చేపలు పట్టేది మగవాళ్లు. ఆటుపోటు తగ్గాక పగడపు దిబ్బల మీద ఏరుకునేది ఆడవాళ్లు.

మగతనానికి గుర్తు ‘పెఅ’, నడుం నుంచి మోకాళ్ల దాకా ఒళ్లంతా నల్లగా వేసే పచ్చబొట్టు. సగంలో ఆపేస్తే జీవితాంతం సిగ్గు. ఆడవాళ్లది ‘మలు’, తొడల మీద పలచగా. ఆడది ప్రసవవేదన పడుతుంది, మగాడు పచ్చబొట్టు వేదన పడతాడు అని వాళ్ల మాట. దీనికో కథ ఉంది. తైమా, తిలఫైంగా అనే అవిభక్త కవలలు ఫిజీ నుంచి పచ్చబొట్టు పనిముట్లతో ఈదుకుంటూ వస్తారు. “ఆడవాళ్లకి వెయ్యి, మగవాళ్లకి వద్దు” అని పాడుకుంటూ వస్తారు. దారిలో ఆల్చిప్ప కోసం మునిగి పైకొచ్చేసరికి పాట తిరగబడింది: మగవాళ్లకి వెయ్యి, ఆడవాళ్లకి వద్దు. ఆడామగా తేడా దేవుడి ఆజ్ఞ కాదు, పాట మర్చిపోవడం వల్ల వచ్చింది! ఈ కథ విన్నరోజు నుంచి నాకు ఆ జనమంటే ఇంకొంచెం ఇష్టం.

ఆ తిలఫైంగా కూతురే నఫానువా, యుద్ధదేవత. మగవాడనుకుని ఆమెతో పోరాడిన శత్రువులు, గాలికి ఆమె ఛాతీ మీది ఆచ్ఛాదన తొలగి స్త్రీ అని తెలిసేసరికి సిగ్గుతో యుద్ధం ఆపేశారని కథ. చరిత్రలోకి వస్తే, దేశంలోని నాలుగు అత్యున్నత బిరుదులూ మొదట ఒక్కరి దగ్గర చేరింది సలమాసినా దగ్గర. ఆమె స్త్రీ.

ఇంత చదివాక “అయితే సమానమే కదా” అంటారు. ఆగండి. ఇప్పుడు కోడలి దగ్గరికి రండి.

భర్త ఊరికి వచ్చి ఉండే ఆడమనిషిని ‘నోఫోతానే’ అంటారు. భర్త ఆలీ అయితే ఆమెకి ‘ఫలెతువా’ అని, వక్త-నాయకుడైతే ‘తౌసి’ అని గౌరవనామం ఉంటుంది. భర్తకి బిరుదు లేకపోతే ఆమె పరిస్థితి కష్టం. అందరికన్నా ముందు లేస్తుంది, భర్త అక్కచెల్లెళ్లకి చాకిరీ చేస్తుంది, ఆఖర్న తింటుంది. నాకు తెలిసిన ఒకావిడ సవాయి దీవిలో తన పుట్టిన ఊళ్లో ఔఅలుమాలో పెద్దమనిషి. కుర్రాళ్లని ఒక్క కేక వేస్తే పరుగెత్తేవాళ్లు. మామగారు పోతే అత్తింటి ఊళ్లో ఆమెని చూశాను. ఇంటి వెనక, గిన్నెల దగ్గర, తలొంచుకుని. నన్ను పలకరించడానికి కూడా అటూ ఇటూ చూసి పలకరించింది. తర్వాత అడిగితే నవ్వి, “అక్కడ నేను అతిథిని కూడా కాదు” అంది.

దీన్ని పూర్తిగా ఆడవాళ్ల అణచివేత అని కొట్టేసే ముందు ఇంకొకటి తెలుసుకోవాలి. భార్య ఊళ్లో కాపురముండే మగవాణ్ణి ‘ఫైఅవా’ అంటారు. వాడి బతుకూ అంతే. మన ఇల్లరికపుటల్లుడే. కాబట్టి హోదాలో పెద్ద భాగం పుట్టిన నేలది. అయితే పెళ్లయ్యాక ఎక్కువగా ఊరు మారేది ఆడవాళ్లే గనక, ఆ నష్టం ఎక్కువగా వాళ్లకే. ఇంకో చేదు నిజం: 2000లో జరిగిన సర్వేలో, ఎప్పుడైనా భర్తతోనో భాగస్వామితోనో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 46 శాతం ఆ మనిషి చేతిలో హింస అనుభవించామన్నారు. తన అక్క మీద ఈగ వాలనివ్వని మనిషి ఇంకొకరి అక్కమీద చెయ్యెత్తుతాడు. నేను గాయాలకి కట్లు కట్టిన ఇళ్లున్నాయి. అందుకే “సంప్రదాయం స్త్రీని గౌరవిస్తుంది” అన్న వాక్యం అలా ఒంటరిగా రాస్తే నాకు ఒళ్లు మండుతుంది.

‘సంప్రదాయం’ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. మీరు చూసే సమోవాలో చాలా భాగం 1830 తర్వాతది. ఆ ఏడాది లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ విలియమ్స్ సవాయిలో దిగాడు. నాయకుడు మలియెతోవా ఆ మతాన్ని తీసుకున్నాడు. కొన్ని దశాబ్దాల్లో దేశమంతా క్రైస్తవం. మిషనరీలకి ఆదర్శ స్త్రీ అంటే భార్య, గృహిణి. అక్కచెల్లెలి హోదా వాళ్లకి అర్థం కాలేదు. ఆడవాళ్ల గుంపుల్లో పాస్టర్ భార్య, నాయకుల భార్యలు ముందుకొచ్చారు, ఔఅలుమా వెనక్కి జరిగింది. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు ఊరి పాస్టర్‌నే ‘ఫెఅంగైంగా’ అని పిలుస్తారు. ఊరు ఆయనకి ఇల్లు కట్టిస్తుంది, తిండి పెడుతుంది, పరమ గౌరవం ఇస్తుంది. అక్క కూర్చున్న పీట మీద పాస్టర్ కూర్చున్నాడు. పేపర్‌లో ఒక్క చారిత్రక మార్పుకే చోటుంటే దీన్ని పెట్టండి.

మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ గొడవ మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. ఆమె 1925-26లో మనువా దీవుల్లోని తఊలో అమ్మాయిలతో మాట్లాడి, 1928లో వాళ్ల యవ్వనం స్వేచ్ఛగా, హాయిగా ఉంటుందని పుస్తకం రాసింది. 1983లో డెరెక్ ఫ్రీమన్ అనే ఇంకో మానవశాస్త్రవేత్త అదంతా తప్పు, అక్కడ కన్యత్వం మీద గట్టి పట్టుదల ఉందని ఇంకో పుస్తకం రాశాడు. తౌపౌకి ఉన్న కట్టుబాటు బిరుదులేని ఇంటి పిల్లకి అంతే గట్టిగా ఉండదు. ఊరి పెద్దలు ఒప్పుకునేది వేరు, చీకట్లో జరిగేది వేరు. ఇద్దరూ ఏనుగుని చెరో వైపు తడిమారని నా అభిప్రాయం. ఇంతకన్నా దాని మీద టైమ్ పెట్టకండి.

రాజకీయం రెండు ముక్కల్లో. 1962లో స్వతంత్రం వచ్చాక చాలాకాలం మతాయ్‌లకే ఓటు. 1990 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు వచ్చింది, పోటీ చెయ్యడానికి మాత్రం ఇప్పటికీ మతాయ్ బిరుదు ఉండాలి. ఆడవాళ్లకి బిరుదు తీసుకునే హక్కుంది, కానీ ఆడ మతాయ్‌ని ఒప్పుకోని ఊళ్లూ ఉన్నాయి. 2013లో పార్లమెంటులో కనీసం 10 శాతం ఆడవాళ్లుండాలని రాజ్యాంగం మార్చారు. 2021 ఎన్నికల్లో 51 సీట్లకి 10 శాతం అంటే ఐదా ఆరా అన్న లెక్క మీదే దేశం స్తంభించింది. చివరికి ఫియామే నవోమి మతాఆఫా మొదటి మహిళా ప్రధాని అయ్యారు. పార్లమెంటుకి తాళం వేసి ఉంటే బయట టెంటు వేసి ప్రమాణం చేశారు. ఆవిడ మొదటి ప్రధాని కూతురు, పెద్ద బిరుదున్న మతాయ్. ‘ఎవరి కూతురు’ అన్నది అక్కడ ఎంత పనిచేస్తుందో ఆవిడ్ని చూస్తే తెలుస్తుంది.

ఇక మీ అసలు ఆసక్తి, ఫాఫఫీనే. ‘ఫఅ’ అంటే లాగా, ‘ఫఫీనే’ అంటే స్త్రీ. మగబిడ్డగా పుట్టి, ఆడవాళ్ల తీరులో బతికేవాళ్లు. ఆడబిడ్డగా పుట్టి మగ తీరులో బతికేవాళ్లని ‘ఫాఫతమా’ అంటారు. వాళ్ల గురించి తక్కువ మాట్లాడతారు, వాళ్లకి ఓర్పు కూడా తక్కువే దొరుకుతుంది.

“ఆడపిల్లలు లేని ఇంట్లో ఒకణ్ణి అలా పెంచుతారు” అన్న కథ ఇంటర్నెట్‌లో విపరీతంగా తిరుగుతుంది. నేను మాట్లాడిన ఫాఫఫీనేలు దీన్ని వింటే నవ్వుతారు, లేదా విసుక్కుంటారు. ఒకరు నాతో అన్నది: “మాది ఎనిమిదిమంది పిల్లలు, నలుగురు అక్కలు. మా అమ్మకి ఇంకో ఆడపిల్ల ఎందుకు? నన్ను ఎవరూ చెయ్యలేదు, నేనే ఇలా ఉన్నాను, వాళ్లు చూశారు.” ఇంట్లోవాళ్లు చేసేది సాధారణంగా ఇదే: మూడు నాలుగేళ్ల బిడ్డ ఎటు మొగ్గుతుందో చూసి, దానికి తగ్గ పనులు అప్పగిస్తారు. కొందరు తండ్రులు కొట్టి మార్చాలని చూస్తారు. అదీ నిజమే, దాచక్కర్లేదు.

మన హిజ్రాలతో పోల్చకండి. పోల్చినా, తేడా ముందు రాయండి. మన దగ్గర చాలామంది పుట్టిన ఇల్లు వదిలి గురువు దగ్గరికి, వేరే కుటుంబంలోకి వెళ్లాల్సి వస్తుంది. ఫాఫఫీనే ఇంట్లోనే ఉంటారు. అమ్మానాన్నల్ని చూసుకునేది చాలా ఇళ్లలో వాళ్లే. నేను వారానికి రెండుసార్లు వెళ్లే ఒక ఇంట్లో మంచానపడ్డ తండ్రికి స్నానం, మందులు, డయాపర్లు అన్నీ ఫాఫఫీనే బిడ్డే చూస్తుంది. ఉద్యోగం మానుకుని మరీ. అన్నలు ఆదివారం వచ్చి పలకరించి వెళ్తారు. ఆ ఇంటి తల్లి నాతో గర్వంగా, “ఇది నా దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు” అంది. బిడ్డ గిన్నెలు కడుగుతూ నావైపు చూసి కనుబొమ్మలెగరేసింది. అంటే, చూశావా నా సంగతి అని. ఆదరణ ఉంది. ఆ ఆదరణకి చాకిరీ రూపంలో అద్దె కట్టాలి.

గమనించండి, ఊరి ఏర్పాటులో ఫాఫఫీనేలకంటూ వేరే గుంపు లేదు. ఫోనో, ఔమంగా, ఔఅలుమా, భార్యలు, అంతే. వాళ్ల చోటు కుటుంబంలో. అక్కడ మంచి పేరుంటే చర్చి గానబృందంలో, పెళ్లి అలంకరణలో, స్కూలు టీచర్‌గా అందరికీ కావలసినవాళ్లు. మతాయ్ బిరుదున్నవాళ్లు కూడా ఉన్నారు. ‘మూడో జెండర్’ అనే పెట్టె బయటివాళ్లు తెచ్చింది. ‘గే’, ‘ట్రాన్స్’ అన్న మాటలు కొందరు ఒప్పుకుంటారు, చాలామంది “మాది వేరే” అంటారు.

చట్టం చూస్తే ఆ సగం నిజం బాగా కనబడుతుంది. 2006లో సమోవా ఫాఫఫీనే అసోసియేషన్ ఏర్పడింది, అప్పటి ప్రధాని తుయిలయెపా దానికి పోషకుడు. 2013లో కొత్త నేరచట్టం వచ్చినప్పుడు, మగవాడు ఆడవేషం వేయడం నేరమన్న పాత వలసకాలపు నిబంధన తీసేశారు. కానీ మగవాళ్ల మధ్య శృంగారాన్ని శిక్షించే సెక్షన్ ఉంచేశారు. చీర కట్టుకో, ప్రేమించకు అన్నట్టు. నేను వెళ్లే చర్చి కుటుంబాల్లో కూడా సరిగ్గా ఇదే గీత: డ్రెస్సు, పని, నవ్వు అన్నీ ఓకే, పడగ్గది గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

పేపర్‌లో ఉదాహరణలకి ఇద్దరి పేర్లు వాడొచ్చు. అమెరికన్ సమోవా ఫుట్‌బాల్ ఆటగాడు జయ్యా సయెలువా (ఆటగత్తె అనాలా? చూశారా ఇబ్బంది) 2011లో ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో ఆడారు. ఆ స్థాయిలో బహిరంగంగా ట్రాన్స్ అయిన మొదటి వ్యక్తి. 2001లో ఆస్ట్రేలియా చేతిలో 31-0తో ఓడిన జట్టు అది. ఆ రోజు టోంగా మీద 2-1తో గెలిచింది. ఆమె డిఫెన్స్‌లో ఆడింది. రెండోవారు కళాకారిణి యూకీ కిహారా, 2022లో వెనిస్ బియన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో న్యూజిలాండ్ తరఫున ప్రదర్శించిన మొదటి ఫాఫఫీనే.

చివరి ప్రశ్న, తెలుగులో ఏమనాలి. ఏమీ అనకండి, ఫాఫఫీనే అనే రాయండి. కొజ్జా, నపుంసక లాంటి మాటలు తిట్లు. హిజ్రా వేరే వ్యవస్థ. ‘మూడో లింగం’ వాళ్లు వాడని లెక్క. అసలు ఇబ్బంది నామవాచకంతో కాదు, సర్వనామంతో. సమోవా భాషలో అతను, ఆమె అన్న తేడా లేదు, ఇద్దరికీ ‘ఇయా’ ఒక్కటే. తెలుగులో క్రియ కూడా ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తేల్చమంటుంది. నేను ‘తను’ అనీ ‘వచ్చారు’ అనీ రాస్తాను. ఎవరైనా తమని ఆమె అనమంటే ఆమె అంటాను. పైన ఒకటి రెండు చోట్ల అలాగే రాశాను, ఆ మనుషుల్ని అడిగే.

సెమినార్‌లో పైకి చదివేటప్పుడు మొదటి ‘ఫ’ తర్వాత గొంతులో చిన్న విరుపు ఇవ్వండి, ఫ-అఫఫీనే అన్నట్టు. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి. గిన్నెలు కడిగే ఆ మనిషికి గురువారం నేను అర్థం చెప్పి వినిపిస్తాను, తప్పులుంటే మొహం మీదే చెప్తుంది.